ఎగుమతులు ఆపేస్తే సముద్రంలో చేప మిగులుతుందా?

ప్రశ్న వేసినవారు హైదరాబాద్‌లో ఉంటారట. రామ్‌నగర్ మార్కెట్లో వంజరం, చందువా ధరలు చూసి అడిగారు: "మంచి చేపంతా విదేశాలకు పోతోందనీ, దానివల్ల సముద్రం ఖాళీ అవుతోందనీ అంటున్నారు. ఇది ఎంతవరకు నిజం? ఎగుమతులు ఆపేస్తే బాగుపడుతుందా? మాలాంటి వాళ్లం రొయ్యలు తినడం మానేయాలా?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ప్రపంచ మార్కెట్ వల్ల సముద్రం మీద భారం పెరిగిందన్నది నిజం. ఎగుమతులు ఆపేస్తే ఆ భారం దిగిపోతుందన్నది నిజం కాదు. ఎందుకంటే అసలు దెబ్బ పడుతున్నది మీరు మార్కెట్లో చూసే ఖరీదైన చేప దగ్గర కాదు. ఎవరూ కూర వండుకోని, చాలామందికి పేరు కూడా తెలియని చిల్లర చేప దగ్గర. ఒకప్పుడు దానికి ధర ఉండేది కాదు, ఇప్పుడు ఉంది. మారినదల్లా అదేనని నా అభిప్రాయం. మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సీఫుడ్ ఎగుమతి కంపెనీలకు సరుకు కొన్నాను. విశాఖ హార్బరు, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో తెల్లవారుజామున వేలంపాటల దగ్గర నిలబడటం నా పని. ఇప్పుడు నిజాంపేట్‌లో స్థిరపడ్డాను. కాబట్టి ఇది శాస్త్రవేత్త మాట కాదు, కొనుగోలుదారు మాట. అలాగే చదవండి.

ఎగుమతి లెక్కల్లో ఒక అపోహ ఉంది, ముందు దాన్ని తీసేద్దాం. "సముద్ర ఉత్పత్తుల ఎగుమతి" అనే పేరు చూసి అదంతా సముద్రంలో పట్టిందే అనుకుంటారు. 2023-24లో మన దేశం సుమారు 17.8 లక్షల టన్నులు ఎగుమతి చేసింది, విలువ 60,523 కోట్ల రూపాయలు. అందులో 40 వేల కోట్లు ఫ్రోజెన్ రొయ్య ఒక్కదానివే. ఆ రొయ్యలో అత్యధిక భాగం భీమవరం, నెల్లూరు, కాకినాడ వైపు చెరువుల్లో పెంచిన వనామీ అనే రకం. అది అసలు మన సముద్రపు జీవే కాదు, దాని పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ తీరం. మన దగ్గర సాగుకు అనుమతి వచ్చింది 2009లో. అంటే డబ్బు రూపంలో చూస్తే మన ఎగుమతి ప్రధానంగా చెరువు సరుకు.

మరి రామ్‌నగర్‌లో వంజరం ధర ఎందుకు మండిపోతోంది? చాలావరకు మనవల్లే. వంజరం, చందువా పాటల్లో మా కంపెనీ ఎన్నోసార్లు వెనక్కి తగ్గేది. కోల్‌కతా, చెన్నై, హైదరాబాద్ వ్యాపారులు మాకంటే ఎక్కువ పాడేవారు. ముప్పై ఏళ్ల కిందట హైదరాబాద్‌లో సముద్రం చేప తినేవాళ్లు తక్కువ. ఇక్కడి నాలుకకు బొచ్చె, రవ్వ, కొర్రమీను అలవాటు. ఇప్పుడు ఐటీ ఉద్యోగాలతో కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్లు, యాప్‌లో ఆర్డర్ పెడితే గంటలో ముక్కలు కోసి ఇచ్చే కంపెనీలు, వారానికొక కొత్త రెస్టారెంటు. ఈ గిరాకీని ఎవరూ "గ్లోబలైజేషన్" అనరు గానీ, రేవులో డ్రైవర్‌కి తేడా ఏముంది? (విశాఖలో బోటు నడిపే సారంగుని డ్రైవర్ అనే అంటారు.) డబ్బు స్పెయిన్ నుంచి వచ్చినా, మాదాపూర్ నుంచి వచ్చినా అతని వల ఒకటే.

ఇక చరిత్ర క్లుప్తంగా. మన దేశం నుంచి ఫ్రోజెన్ రొయ్య అమెరికాకు వెళ్లడం 1953లో కొచ్చిన్ నుంచి మొదలైంది. దాదాపు అదే కాలంలో కేరళలో ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టు మొదలైంది. మొదటి ఉద్దేశం మత్స్యకార గ్రామాల బాగు. రొయ్యకు విదేశంలో ధర ఉందని తెలిశాక ట్రాలింగే, అంటే బోటు వెనక వల ఈడ్చుకుపోయే వేటే, దారి అయిపోయింది. ఆ గాలి తూర్పు తీరానికీ వచ్చింది. విశాఖలో మొదట చిన్న ట్రాలర్లు, తర్వాత సోనా బోట్లు, 1980ల్లో నూటికి పైగా పెద్ద డీప్ సీ ట్రాలర్లు. వాటిలో ఎక్కువ భాగం ఒడిశా దాటి బెంగాల్ డెల్టా ఎదుటి శాండ్‌హెడ్స్ దాకా వెళ్లి ఒకే ఒక్క సరుకు పట్టేవి, రొయ్య. అందరూ ఒకే చోట, ఒకే దాని మీద పడ్డారు. 1990ల మధ్యకల్లా వాటిలో చాలా బోట్లు అప్పుల్లో మునిగి తుప్పు పట్టిపోయాయి.

ఈలోగా 1991లో విదేశీ నౌకలతో జాయింట్ వెంచర్లకు తలుపులు తెరిచిన డీప్ సీ విధానం వచ్చింది. 1994-95లో దేశమంతా మత్స్యకారులు సమ్మెలు చేశారు. ప్రభుత్వం వేసిన మురారి కమిటీ ఆ లైసెన్సులు రద్దు చేయాలని చెప్పింది. "ప్రపంచీకరణ" అన్న మాట మన రేవుల్లో మొదటిసారి గట్టిగా వినిపించింది అప్పుడే. విదేశీ ఓడ అంటే ఇప్పటికీ మా పాత కలాసీలకు (బోటు మీద పనిచేసేవాళ్లకు) కోపం. ఆ కోపం న్యాయమైనదే, కానీ నష్టం అంతా ఆ ఓడలదే అనుకుంటే తప్పుదారి పడతాం. విదేశీ ఓడ రాకుండానే విదేశీ ధర వచ్చేసింది. దానికి లైసెన్సు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం: ధర లేని చేప అంటూ లేకుండా పోయింది.

ఒక ట్రాల్ బోటు లెక్క ఎలా ఉంటుందో చెప్తాను. పది పదిహేను రోజుల వేటకి వెళ్లేముందు డీజిలు, ఐసు, రేషను అన్నీ ఓనరు అప్పుగా పెడతాడు. చాలాసార్లు ఆ అప్పు ఇచ్చేది సరుకు కొనే కమీషన్ వ్యాపారే. తిరిగి వచ్చాక ఖర్చులు పోను మిగిలినదాంట్లో ఓనరుకు ఇంత, డ్రైవర్‌కి ఇంత, కలాసీలకు ఇంత. రొయ్య పడితే అందరికీ పండగ. పడకపోతే? పాతకాలంలో రెండు మూడు ట్రిప్పులు నష్టం వస్తే ఓనరు బోటుని జెట్టీకి కట్టేసేవాడు. అది బాధాకరమే. కానీ సముద్రానికి అదే సెలవు. రొయ్య తగ్గినప్పుడు బోట్లు తగ్గేవి, మళ్లీ రొయ్య కోలుకునేది. ఏ చట్టమూ లేకుండా పనిచేసిన బ్రేకు అది.

ఇప్పుడు ఆ బ్రేకు పనిచేయదు. ఎందుకంటే వలలో పడినదంతా ఎక్కడో ఒకచోట అమ్ముడవుతుంది. స్క్విడ్, కటిల్‌ఫిష్ ఒకప్పుడు మన రేవుల్లో దాదాపు ఎరకే వాడేవారు. స్పెయిన్, ఇటలీ కొనడం మొదలుపెట్టాక రొయ్య పక్కన కూర్చున్నాయి. రిబ్బన్‌ఫిష్‌ని మనవాళ్లు సావళ్లు అంటారు, ఎండబెట్టుకుని తినే పేదవాళ్ల చేప. చైనా అడిగాక పెట్టెల్లో గడ్డకట్టి ఓడెక్కింది. పడమటి తీరంలో థ్రెడ్‌ఫిన్ బ్రీమ్ అనే ఎర్రటి చిన్న చేప సురిమి ఫ్యాక్టరీలకు పోతుంది. జపాన్ తదితర దేశాల్లో పీత రుచితో అమ్మే ఆ తెల్లటి ముద్ద దాంతోనే చేస్తారు.

వీటి తర్వాత అట్టడుగున మిగిలేది ట్రాష్. వేలెడంత సావళ్లు, కన్ను తెరవని చందువా పిల్లలు, నలిగిన పీతలు, ఏ జాతో చెప్పలేని గుజ్జు. ఇదివరకు ట్రిప్పు చివరి ఒకటి రెండు రోజుల ట్రాష్ మాత్రమే ఒడ్డుకు తెచ్చేవారు. ఐసు గదిలో చోటు ఖరీదైన సరుకుకి ఉంచాలి కదా, మొదటి రోజులది సముద్రంలోనే పారేసేవారు. తర్వాత చేప పొడి మిల్లులు వచ్చాయి. కర్ణాటకలో ఉడుపి, మంగళూరు వైపు పెద్ద సంఖ్యలో, మిగతా తీరాల్లోనూ అక్కడక్కడా. చేప పొడి దేనికి? రొయ్యల మేతకి, కోళ్ల మేతకి, చేపల మేతకి. కిలో ధర తక్కువే. కానీ టన్నుల్లో లెక్క. రొయ్య సరిగా పడని ట్రిప్పులో కూడా ట్రాష్ అమ్మితే డీజిలు డబ్బులు వచ్చేస్తాయి. ఇక బోటు ఎందుకు ఆగుతుంది? డ్రైవర్ ఒకరు నాతో అన్న మాట: "రొయ్య మాకు లాభం సార్, ట్రాష్ మాకు డీజిలు."

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. పారేసిన చేప కూడా చచ్చిన చేపే కదా, ఒడ్డుకు తెచ్చి వాడుకుంటే మంచిదే కదా అని. కిలోకి కిలో చూస్తే నిజమే, వృథా తగ్గింది. నా ఫిర్యాదు వాడుకోవడం మీద కాదు, అది ట్రిప్పుకి ఖర్చు కట్టడం మీద. వల కొస సంచి కన్ను పెద్దది చేయమని మత్స్యశాఖ చెప్తే డ్రైవర్ ఎందుకు వినడో దీంతో అర్థమవుతుంది. చిన్న కన్ను అతనికి నెలజీతం లాంటిది. రేపటి వంజరం, రేపటి చందువా ఆ సంచిలోనే పొడి అవుతున్నాయి. అవి పెరిగి ఉంటే పది రెట్ల ధర వచ్చేది, అయితే ఇంకో బోటువాడికి. అందుకే ఎవరూ ఆగరు.

ఇది మన ఒక్కరి కథ కాదు. పశ్చిమాఫ్రికాలో సెనెగల్, గాంబియా, మారిటానియా తీరాల్లో సార్డినెల్లా అనే కవళ్ల లాంటి చేప అక్కడి పేదల పళ్లెంలో రోజువారీ కూర. చేప పొడి ఫ్యాక్టరీలు వచ్చాక అది ఎక్కడో దూరాన పెరిగే చేపలకు మేత అయింది. అక్కడి ఆడవాళ్లు ఎండబెట్టి, పొగబెట్టి అమ్ముకునే సరుకు వాళ్లకే దొరకని పరిస్థితి. మన తీరంలో ఎండుచేపలు అమ్ముకునే ఆడవాళ్లు కూడా ఇదే మాట అంటారు. వేలంపాటలో వాళ్లు గంపలతో నిలబడతారు, మిల్లు ఏజెంటు లారీతో నిలబడతాడు. ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు.

ఈ గొలుసులో మన మనుషులు కూడా ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాల కుర్రాళ్లు వేల మంది గుజరాత్‌లోని వేరావల్ బోట్లలో కూలీకి వెళ్తారు. ఆగస్టులో వెళ్తే వేసవి దాకా అక్కడే. వాళ్లు పట్టేది ఎక్కువగా ఎగుమతి సరుకే, సావళ్లు, స్క్విడ్, కటిల్‌ఫిష్. సొంత ఊరి ముందున్న సముద్రం ఎందుకు వదిలారు అంటే, జెట్టీలు, హార్బర్లు లేవు, తెప్పతో రోజు గడవదు అంటారు. 2018లో పాకిస్తాన్ పట్టుకుపోయి, 2020 జనవరిలో వాఘా దగ్గర మనకు అప్పగించిన మత్స్యకారులు ఇలా వెళ్లినవాళ్లే. బ్యాంకాక్‌లోనో షాంఘైలోనో సావళ్లు తినే మనిషికి మన ఎచ్చెర్ల కుర్రాడు కనిపించడు. సరే, ఇది కొంచెం పక్కకి పోయింది.

వనామీ సంగతి రెండు వైపులా పదునున్నది. దాన్ని తిట్టేవాళ్లు ఎక్కువ కాబట్టి ముందు మంచి చెప్తాను. వనామీ రాకముందు మనది టైగర్ రొయ్య సాగు. మొదట్లో దాని పిల్లల్ని ఏటి మొగల్లో, కాలువల్లో దోమతెర లాంటి వలలతో పట్టేవారు. ఒక్క టైగర్ పిల్ల ఏరి, దానితో పడిన మిగతా చేప పిల్లలు, పీత పిల్లలు అన్నీ ఒడ్డున పారబోసేవారు. తర్వాత రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలు వచ్చాయి, కానీ తల్లి రొయ్య సముద్రం నుంచే రావాలి. గుడ్లున్న ఒక్క తల్లి టైగర్ కోసం కాకినాడ, విశాఖ తీరాల్లో బోట్లు వేట మానుకుని తిరిగేవి, ధర వేలల్లో పలికేది. వనామీకి తల్లి రొయ్యలు హవాయి లాంటి చోట్ల రోగాలు లేకుండా పెంచినవి విమానంలో వస్తాయి, చెన్నైలో క్వారంటైన్ చేసి హేచరీలకు ఇస్తారు. అంటే ఒక విదేశీ రొయ్య వచ్చి మన సముద్రపు తల్లి రొయ్య మీద ఒత్తిడి చాలావరకు తీసేసింది. పూర్తి గ్లోబలైజేషన్ ఫలితమే అది, మంచిదే.

రెండో వైపు మేత. వనామీ సాగు విస్తరించిన కొద్దీ మేత మిల్లులు, మేత మిల్లులకు చేప పొడి, చేప పొడికి ట్రాష్. సోయా వాటా పెరుగుతోంది, ఒక్కో కిలో మేతలో చేప పొడి తగ్గుతోంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మొత్తం మేత టన్నులు పెరిగినప్పుడు శాతం తగ్గి ఏం లాభం? కాబట్టి "చెరువు రొయ్య తింటున్నాను, సముద్రానికి నా వల్ల హాని లేదు" అని పూర్తిగా అనుకోలేం. కొంత హాని ఉంది, మేత సంచిలో దాక్కుని ఉంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు గోదావరి జిల్లాల రైతుల టెన్షన్ అందరూ చూశారు. ఆ ఒక్క దేశపు నిర్ణయం చెరువుని కదిలిస్తే, మేత ద్వారా అది ట్రాల్ బోటు దాకా పాకుతుందని మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

మార్కెట్టే కట్టుబాటు తెచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఇది చెప్పకపోతే అన్యాయం.

కొల్లం దగ్గర అష్టముడి సరస్సులో చిన్న గవ్వల వంటి క్లామ్‌లు పడతాయి. 1980ల్లో వియత్నాం, మలేషియా, థాయ్‌లాండ్ గిరాకీతో వేట పెరిగింది, 1990ల మొదట్లో పట్టుబడి దాదాపు సగానికి పడింది. అప్పుడు అక్కడివాళ్లు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపారు, వల కన్ను పరిమాణం పెట్టారు, మరీ చిన్నవి ఎగుమతికి కొనకూడదని నియమం పెట్టారు. 2014లో మన దేశంలో మొదటి ఎంఎస్‌సీ సర్టిఫికెట్ (సముద్రానికి హాని లేకుండా పట్టిన సరుకని ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) ఆ క్లామ్‌కే వచ్చింది. ఇది ఎందుకు కుదిరింది? సరస్సు చిన్నది, పట్టేవాళ్లు ఒకరికొకరు తెలుసు, కొనేవాళ్లు కొద్దిమంది, జాతి ఒక్కటే. విశాఖ హార్బరులో ఒక వలలో పదుల జాతులు పడతాయి, బోట్లు వందలు. అష్టముడి పద్ధతి ఇక్కడ అలాగే అతికించలేం.

సొరచేప రెక్కల సంగతి ఇంకొకటి. తూర్పు ఆసియా సూపు కోసం రెక్కలు కోసి మొండాన్ని సముద్రంలో వదిలేయడం ఒకప్పుడు మామూలు. 2013లో రెక్కలు శరీరానికే ఉండాలని నియమం, 2015లో రెక్కల ఎగుమతి నిషేధం వచ్చాయి. గుజరాత్‌లో తిమింగల సొరను తైవాన్ మాంసం మార్కెట్ కోసం చంపేవారు, 2001లో దానికి వన్యప్రాణి చట్టం రక్షణ వచ్చింది. ఎగుమతే ఏకైక గిరాకీ అయినచోట ఎగుమతి ఆపితే పనిచేస్తుందనడానికి ఇవి రుజువులు. వంజరానికి ఆ మందు పనిచేయదు, ఎందుకంటే దాన్ని తినేది మనమే.

తాబేళ్ల గొడవ మాత్రం నేను దగ్గరుండి చూశాను. ట్రాల్ వలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు చిక్కుకుని ఊపిరాడక చస్తాయి. వలలో తాబేలు బయటికి జారిపోయే టెడ్ అనే చట్రం లేని బోట్ల రొయ్య కొనకూడదని అమెరికా 1989లోనే చట్టం చేసింది. మన దేశం మరో మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోలో కేసు వేసింది. 1998 తీర్పులో అమెరికా అమలు చేసిన తీరును తప్పుపట్టారు గానీ, పర్యావరణం కోసం అలాంటి షరతు పెట్టడాన్ని పూర్తిగా కొట్టేయలేదు. చివరికి 2019లో మన సముద్రపు రొయ్యకి అమెరికా తలుపు మూసుకుంది.

డ్రైవర్లు టెడ్ పెట్టడానికి ఎందుకు ఇష్టపడరంటే, దాని కంత లోంచి తాబేలుతో పాటు పెద్ద చేప కూడా పోతుందని భయం. ఇచ్చిన చట్రాలు హార్బరులో వలల కుప్ప కింద పడి ఉండటం చూశాను. తనిఖీ ఉందంటే కుట్టేవారు, అయ్యాక విప్పేవారు. ఎగుమతి కంపెనీలు ఎందుకు గట్టిగా పట్టుబట్టలేదు? ఇది మా వర్గం సిగ్గుపడాల్సిన విషయం. 2019 నాటికి మా అందరికీ అమెరికాకి పంపడానికి చెరువు వనామీ దండిగా ఉంది. సముద్రపు రొయ్య పోయినా మా ఆర్డర్లు ఆగలేదు. నష్టం బోటువాడిది, రొయ్యకి ధర పడిపోయింది. శిక్ష పడినచోట, పరిస్థితి మార్చగల శక్తి లేదు. శక్తి ఉన్నచోట శిక్ష తగల్లేదు. విదేశీ షరతులు సగం పనిచేసి ఆగిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

యూరప్ పద్ధతి వేరు. 2010 నుంచి ప్రతి కన్‌సైన్‌మెంటుకి ఏ బోటు, ఎప్పుడు, ఎక్కడ పట్టిందో క్యాచ్ సర్టిఫికెట్ కావాలి. కాగితం మీద చక్కటి ఆలోచన. నేను పనిచేసిన ఒకచోట, ఏ బోటు సరుకో కలిసిపోయాక గోడౌన్లో కూర్చుని బోటు నంబర్లు పంచేవారు. అలాగని అది పనికిమాలినది అనను. ఆ కాగితం అడగకముందు బోట్ల రిజిస్ట్రేషన్లే సరిగా ఉండేవి కావు. కాగితం కోసమైనా బోటుకి ఒక నంబరు వచ్చింది.

సముద్రం నిజంగా ఖాళీ అవుతోందా అంటే జవాబు ఒక్క మాటలో రాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ లెక్కలో ప్రపంచవ్యాప్తంగా హద్దు మీరి పట్టేస్తున్న చేప నిల్వలు (నిల్వ అంటే ఒక ప్రాంతపు సముద్రంలో ఉన్న ఒక జాతి చేప) 1974లో పది శాతం, 2021 నాటికి 37.7 శాతం. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐ 2022లో 135 నిల్వల్ని పరిశీలించి 91.1 శాతం బాగానే ఉన్నాయంది. నాతో పనిచేసిన డ్రైవర్లకు ఇది చెప్తే నవ్వుతారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. నిల్వ నిలబడి ఉండొచ్చు, కానీ అదే చేపని ఇప్పుడు ఎక్కువ బోట్లు, ఎక్కువ దూరం పోయి, ఎక్కువ డీజిలు కాల్చి పంచుకుంటున్నాయి. బోటువాడికి అది "చేప తగ్గింది" గానే కనిపిస్తుంది.

ప్రతి తగ్గుదలా వేట వల్లే అని కూడా అనకండి. కేరళలో నూనె కవళ్లు 2012లో సుమారు 3.9 లక్షల టన్నులు పడ్డాయి, 2021లో 3,297 టన్నులే. దానికి శాస్త్రవేత్తలు ప్రధానంగా చూపించేది సముద్రం వేడెక్కడం, ఎల్‌నినో లాంటి మార్పులు. చిన్న చేపల్ని పట్టేయడం దానికి తోడైంది. 2015లో కేరళ, ఇంత పొడవుకంటే చిన్న చేప పట్టకూడదని నియమం తెచ్చింది. నన్నడిగితే ట్రాష్ సమస్యకు అసలు మందు అదే. పట్టినవాడి దగ్గరకంటే మిల్లు గేటు దగ్గర అమలు చేస్తే ఇంకా తేలిక. బోట్లు వేలు, మిల్లులు పదులు.

డబ్ల్యూటీవో సబ్సిడీల గురించి క్లుప్తంగా: 2022 జూన్‌లో జెనీవాలో కుదిరిన ఒప్పందం 2025 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. దొంగ వేటకి, ఇప్పటికే దెబ్బతిన్న నిల్వల మీద వేటకి సబ్సిడీ ఇవ్వకూడదంటుంది. బోట్ల సంఖ్యని పెంచే సబ్సిడీల మీద రెండో భాగం 2024లో అబుదాబిలో కుదరలేదు. వర్ధమాన దేశాలకు 25 ఏళ్ల గడువు కావాలనీ, దూర సముద్రాల్లో వేటాడే దేశాల సబ్సిడీలు ముందు ఆపాలనీ మన వాదన. ఆ వాదనలో రెండో సగం నూటికి నూరు పాళ్లు సరైనది. మొదటి సగంతో నాకు పేచీ ఉంది. తెప్పవాడికి వేట నిషేధ కాలపు భృతి వేరు, ట్రాలర్ డీజిలుకి రాయితీ వేరు. రెండింటినీ ఒకే గొడుగు కింద పెట్టి "పేద మత్స్యకారుడి" పేరు చెప్పడం న్యాయం కాదు. 2025 నవంబరులో కేంద్రం తెచ్చిన ఈఈజెడ్ (వేట హక్కు మన దేశానికే ఉన్న సముద్ర భాగం) నియమాలు ఎల్ఈడీ లైట్ల వేటని, జంట బోట్ల ట్రాలింగుని నిషేధించాయి, సహకార సంఘాలకు పెద్దపీట అన్నాయి. రాతలో బాగుంది. అమలు సంగతి రేవులో తేలుతుంది.

ఇక మన హైదరాబాద్. సముద్రం లేని ఈ ఊరిలోనే ప్రగతి నగర్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉంది. ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడి, పచ్చదనం చూసి చేప ఎక్కడ గుమిగూడిందో లెక్కగట్టి మత్స్యకారులకు తెలుగులోనూ సూచన పంపుతారు. దీనివల్ల డీజిలు ఆదా అవుతుంది, చిన్న బోటువాడికి వరం. వేట నిషేధ కాలంలో ఆ సూచనలు ఇవ్వరు, అది మంచి పని. చేపని వెతికే శక్తి పెరిగినంతగా చేపని వదిలే నియమం పెరగలేదని మాత్రం నా అసంతృప్తి.

మీరు రొయ్యలు మానేయాలా? అక్కర్లేదు. మానేయాల్సినవి వేరే ఉన్నాయి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మెకనైజ్డ్, మోటారు బోట్లకు వేట నిషేధం. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా. అంటే జూన్ మొదటి రెండు వారాలు రెండు తీరాలూ బంద్. మన మృగశిర కార్తె సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది, ఊరంతా చేపల మార్కెట్లోనే ఉంటుంది. ఆ రోజు "ఇవాళే వచ్చిన వంజరం" అని ఎవరైనా అంటే అది కోల్డ్ స్టోరేజీదో, నిషేధం దాటి పట్టిందో, ఎక్కడో తెప్పవాడికి దొరికిన కొద్దిపాటి సరుకో అయి ఉంటుంది. ఆ పక్షం రోజులు కొర్రమీను, బొచ్చె, రవ్వ తినండి. అవే ఆ కార్తె చేపలు కూడా.

రెండోది, సైజు చూడండి. పెద్ద జాతి వంజరం అరకిలోది కనిపిస్తే అది ఇంకా ఒక్కసారి కూడా గుడ్డు పెట్టని పిల్ల. అరచేతిలో సగం ఉన్న చందువా కూడా అంతే. చవగ్గా వస్తాయి, ఫ్రైకి బాగుంటాయంటారు, కొనకండి. నెత్తళ్లు, కవళ్లు, కానగంతలు తినండి. ఇవి త్వరగా పెరిగే చేపలు, పొడి మిల్లుకి పోయే బదులు మనిషి తింటే రేవులో ఆడవాళ్ల గంపకి కూడా గిరాకీ వస్తుంది. హైదరాబాద్‌లో ఇవి తక్కువ దొరుకుతాయి. అడిగేవాళ్లు లేక తేరు. నాలుగు వారాలు వరసగా అడిగితే తెస్తారు, మా వీధి చివర షాపువాడు తెస్తున్నాడు.

ప్యాకెట్ల మీద "సస్టెయినబుల్" అని ఆకుపచ్చ అక్షరాల్లో ఉంటే ఎవరు సర్టిఫై చేశారో చూడండి. సంస్థ పేరు, నంబరు లేకపోతే అది డిజైనరు రాసిన మాటే. రొయ్య ప్యాకెట్ మీద సముద్రపుదా, చెరువుదా అన్నది కూడా రాశారేమో చూడండి. రాయకపోతే కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి అడగండి. అడిగినవాళ్లు పది మంది ఉంటే ఆ ప్రశ్న కొనుగోలు విభాగం దాకా వస్తుంది. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఇది మాత్రం నమ్మకంగా చెప్పగలను.